రంగులత్త తీసిన హోటల్ ఫొటో

మా వీధి మొదట్లో ఒక ఫొటో స్టూడియో ఉండేది. ఆ ఇంటి పెద్దకోడలిని ఊరంతా రంగులత్త అనేవాళ్లం. నలుపు తెలుపు ఫొటోలకు సన్నటి కుంచెతో రంగులు అద్దడం ఆవిడ పని. ఆవిడ చెయ్యి పడిందంటే పెళ్లికూతురి బుగ్గ ఎర్రబడాల్సిందే, పెళ్లికొడుకు నెరిసిన మీసం నల్లబడాల్సిందే.

మామగారు పోయాక కెమెరా ఎవరు పట్టాలి? మొగుడు మహానుభావుడు, పేకముక్కలు తప్ప ఇంకేమీ పట్టేవాడు కాదు. మరిదేమో నిక్కర్లేసుకుని తిరిగే వయసు. ఇక రంగులత్తే నడుం బిగించి కెమెరా భుజానికెత్తుకుంది. ఫొటో వెనక ముద్ర మాత్రం మామగారి పేరుతోనే పడుతుండేది.

మొన్న మా ఊరి పాత హోటల్లో గోడలకు తగిలించడానికి పాత ఫొటోలన్నీ బల్ల మీద పరిచారు. ఏది ఏ కాలానిదో, ఎవరు తీశారో మరిదిని తేల్చమన్నారు. ఇప్పుడు స్టూడియో ఆయనదే మరి. రంగులత్తకు తోడుగా నేనూ వెళ్లాను. హోటల్ పనివాళ్లంతా మేడ మీద నిలబడి నవ్వుతున్న ఫొటో దగ్గర మరిది ఆగాడు.

“కిటికీలు ఆకుపచ్చగా ఉన్నాయి. నాన్న బతికున్నప్పుడే హోటల్‌కి ఆ రంగు. ఆయన పోయాకే తెల్లరంగు కొట్టారు. అంటే ఇది నాన్న తీసిందే.”

“కాదు, ఆయన పోయాక నేను తీసింది,” అంది రంగులత్త.

“నువ్వు రంగులే వేశావు వదినా. పెద్దదానివయ్యావు, మర్చిపోయుంటావు.”

“నీ ముక్కు తుడవడం ఎప్పుడైనా మర్చిపోయానేమో గానీ ఇది మర్చిపోలేదురా అబ్బాయ్. ఆ కిటికీలు తెల్లవే. రంగులేసేదాని ముందు తెల్ల కిటికీలు పెడితే చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? నాకు నచ్చిన రంగు వేసుకున్నా!”

హోటల్ యజమాని మధ్యలో దూరాడు. “పోనిద్దురూ అత్తా. పెద్దాయన పేరుంటే మీ ఇంటికే కదా గౌరవం?”

“ఇంటికెప్పుడూ ఉంది. లేనిది నాకే.”

అంటూనే చేతిరుమాలు మంచినీళ్ల గ్లాసులో ముంచి, ఒక కిటికీ మీద రుద్దడం మొదలుపెట్టింది.

“అయ్యయ్యో, పాడైపోతుంది వదినా!” అంటూ మరిది చెయ్యి పట్టుకోబోయాడు. మోచేత్తో ఒక్క తోపు తోసింది. నీళ్లరంగు కరిగి రుమాలుకి అంటింది. కిటికీ చెక్క నిజంగా ఆకుపచ్చదే అయితే, కింది నలుపు తెలుపు ఫొటోలో నల్లగా తేలాలి. ఇదేమో పాలలా తేలింది.

మరిది వంగి ఆ కిటికీని దగ్గరగా చూశాడు. యజమాని తల గోక్కున్నాడు. “సరే అత్తా, మీ పేరే రాయిస్తాను. ఆ కిటికీని మాత్రం మళ్లీ కాస్త దిద్దిపెట్టండి. గోడ మీద చూడ్డానికి బాగోదు.”

“దిద్దను,” అంది రంగులత్త, రుమాలు పిండుకుంటూ. “అదలాగే ఉండాలి. దిద్దానంటే, రేపు నేను పోయాక వీడు మళ్లీ వాళ్ల నాన్నని తెచ్చి కెమెరా వెనక నిలబెడతాడు.”