ఆరువేళ్ళోడి ఆకలి

"ఎండలో తిప్పి తిప్పి పిల్లాణ్ణి మాడ్చి చంపింది" అని అత్తగారు నలుగురిలో అన్నప్పుడు ఆమె తలెత్తలేదు. ఏడాది నిండని కొడుకు ఒళ్ళు నల్లబడి, వాంతులై, ఆసుపత్రిలో పోయాడు. తల్లిదే తప్పన్నారు. పడింది. ఆ మాటలు పడుతూనే కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది.

భర్త పోయాక ఒక పరిశోధనశాలలో సీసాలు కడిగే పనిలో చేరింది. అక్కడ మనుషుల కణాలను వెచ్చటి అలమరాలో పెంచుతారు. వాటికి ముద్దుపేర్లు పెట్టడం అక్కడి అలవాటు.

"ఆరువేళ్ళోడికి తిండి పెట్టావా?" అని ఒక ఉదయం పెద్ద పరిశోధకురాలు తోటివాణ్ణి అడిగింది.

"పెట్టానండీ. వాడి ఆకలికి పెళ్ళిభోజనం కూడా చాలదు."

ఆమె చేతిలో బ్రష్షు ఆగింది. "ఎవరమ్మా వాడు?"

"ఎప్పుడో పోయిన పసివాడు, పిన్నిగారూ. ఎడమచేతికి ఆరువేళ్ళట. చర్మం ముక్క తీసి ఉంచారు."

కొడుకు ఎడమచేతి ఆరో వేలు, తొడమీద ఆసుపత్రివాళ్ళు కట్టిన కట్టు గుర్తొచ్చాయి. చర్మం తీసింది పరీక్షకని చెప్పారప్పుడు.

"ఏం జబ్బు?"

"కణం కేంద్రకంలో గ్రాహకాలని ఉంటాయి. ఏ జన్యువు పనిచెయ్యాలో, ఏది ఊరుకోవాలో అవి చూస్తాయి. వాటిలో కొన్ని ఏ పదార్థం తగిలితే కదులుతాయో తెలీదు. వాటిని అనాథ గ్రాహకాలంటాం. వీడికి అలాంటిదొకటి చెడి, మూత్రపిండాల మీది గ్రంథి పెరగలేదు. ఒంట్లో ఉప్పు నిలవదు, ఒళ్ళు నల్లబడుతుంది."

"ఎండవల్ల కాదా?"

"ఎండేం చేస్తుంది? తల్లివైపు నుంచి మగపిల్లలకొస్తుంది. పుట్టగానే కనిపెడితే రోజూ మాత్రలేసుకుని బతుకుతారు."

"వాడి అక్కకి కొడుకు పుడితే?"

"రావచ్చు. ఎందుకడుగుతున్నారు?"

"దానికి నెలలు నిండాయి. వాడు నా కొడుకమ్మా."

 పరిశోధకురాలు, "పేరు తీసేసి ఇచ్చారు, పిన్నిగారూ. ఎవరికి చెప్పాలో మాకు తెలీదు" అంది.

"వేలు మాత్రం తియ్యలేదుగా."

మనవడు పుట్టాడు. పరీక్షిస్తే అదే జబ్బు. మాత్రలతో బతికాడు, పాకుతున్నాడు. ఆమె మాత్రం ఇప్పటికీ అలమరా దగ్గర ఆగుతుంది. తలుపు గాజు ఒంటి వేడంత వెచ్చగా ఉంటుంది. "తిన్నాడా?" అని అడుగుతుంది. ఎవరూ నవ్వరు.

ఆ గదివాళ్ళకు తెలిసింది ఈ తల్లికి చేరడానికి ఒక తరం పట్టింది. మీ ఇంట్లో ఎవరి ఒంట్లోంచైనా పరిశోధనకు ముక్క తీస్తామంటే, సంతకానికి ముందు ఒక్కటే అడగండి: "మీకు తెలిసింది మాకు చెబుతారా?" ఆ మాట రాసిచ్చేదాకా కలం పట్టకండి.