జాంబీ వేషం కట్టిన మనిషి

ఇబ్రహీంపట్నం బస్టాండులో యాచారం బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒకామె ఫోనులో సినిమా చూస్తోంది. ముఖాలకు సున్నం, ఎర్రరంగు పూసుకున్న శవాలు పొలం గట్ల మీద మనుషుల్ని తరుముతున్నాయి. వాటిలో ఒక లావుపాటి శవం, లుంగీ కాళ్లకు అడ్డంపడి బురదలో బోర్లా పడింది. నాకు నవ్వు ఆగలేదు.

ఆమె నావైపు చూసేసరికి సిగ్గుపడి తల తిప్పుకోబోయాను.

"నవ్వన్న, ఏం గాదు. గాయన మా ఇంటాయన," అంది. "మా ఊరి పోరగాండ్లు ఫోన్లతోని తీసిన్రు. చచ్చి లేచే జాంబీలట. వేషం అనంగనే ఈయన అందరికంటె ముందుగాల ఉరికిండు."

"మస్తు చేసిండక్కా. ఇంకేమన్న సినిమాలు చేస్తుండా?"

"లేడన్న. ఇది బయటికి రాకముందే గుండెనొప్పొచ్చి పాయె. జనం నవ్వుతుంటే చూడాలని మస్తు ఆశ ఉండె ఆయనకు."

మళ్లీ ఫోను వైపు చూశాను. ఆయన బురదలోంచి లేచి, నవ్వు బిగపట్టుకుంటూ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె అక్కడే ఆపేసింది.

"తర్వాత ఏమైతదక్కా?"

"హీరో వచ్చి మల్ల సంపుతడు. గది నేను సూడ."

అంతలో నా బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని కిటికీలోంచి చూశాను. నేను లేచిన చోట ఒక ముసలామె కూర్చుంది. నాతో మాట్లాడినామె సినిమాను మళ్లీ మొదటినుంచి పెట్టి, ఫోనును ముసలామె వైపు తిప్పింది. తను మాత్రం ఫోను చూడలేదు. ముసలామె ముఖాన్నే చూస్తూ, ఎప్పుడు నవ్వుతుందా అని ఎదురుచూస్తోంది.