బెళుగుప్ప వాన

జ్యేష్ఠ మాసం, శనివారం. పొద్దున మబ్బు పట్టింది, ఎండ ముదిరే లోపల విడిపోయింది. గాలి మాత్రం ఆగలేదు. అంగడి ముందు నీళ్ళు చల్లి, డ్రమ్ముకు బోరు నీళ్ళు పట్టి, ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను. మా వదిన పోయింది. మొన్న బుధవారం ఉదయం కాఫీ కలిపి తీసుకువెళ్ళేసరికి లేదు.

కుందుర్పిలో మాది చిన్న చిల్లర అంగడి. రోజూ రాసే అలవాటు నాకుంది గానీ అది ఏం తెచ్చాం, ఏం అమ్మాం అన్నంతవరకే. మనిషిని గురించి రాయడం ఇదే మొదలు. వదిన గొప్ప పనులేమీ చేయలేదు. చివరి నెలల్లో మమ్మల్ని అడిగింది కూడా చిన్నదే. తలకు పోసుకుంటే మండకూడదు, ఆ తర్వాత కాసేపు కన్ను మూతపడాలి. ఆ చిన్నదాని కోసం మేం తిరగని చోటు లేదు. ఒక్కసారి దొరికింది. రెండోసారి దొరకలేదు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అన్న పెళ్ళి చేసుకుని వదినను తెచ్చేనాటికి ఆమెకూ పెద్ద వయసేమీ లేదు. వచ్చిన వారంలోనే నన్ను పట్టుకుని పెరట్లో బండ మీద కూర్చోబెట్టి తలకు పోసింది. కుంకుడు పులుసు కళ్ళల్లో పడకుండా ఒక అరచేయి నా నుదుటికి అడ్డం పెట్టి, రెండో చేత్తో నీళ్ళు పోసేది. నేను గింజుకునేవాణ్ణి. మా నాయన అరుగు మీద నుంచి, "గోళ్ళతో రుద్దమ్మా, వీని తలలో ఊర్లో మట్టంతా ఉండాది" అనేవాడు.

"తల మీద కోపం చూపకూడదు మామా. అల్లరి చేసింది కాళ్ళు, తలకేం తెలుసు" అనేది వదిన. ఎప్పుడూ వేళ్ళ కొసలతోనే రుద్దింది. గోరు తగిలినట్టు నాకు గుర్తు లేదు.

నేను బడికి ఎక్కువ పోలేదు. అంగట్లో పొట్లాలు కట్టే పాత పేపర్లతో చదువు నేర్చుకున్నాను. వదిన కందిపప్పు పొట్లం విప్పాక ఆ కాగితాన్ని చేత్తో సాపు చేసి నా ముందు పెట్టేది. "ఏముండాదో చదువప్పా, నేనూ ఇంటా" అనేది. కాగితంలో సగం వార్తే ఉండేది. మిగతా సగం ఆమె కల్పించి చెప్పేది. దొంగలు పట్టుబడేవాళ్ళు, తప్పిపోయిన పిల్లలు ఇంటికి చేరేవాళ్ళు. ఆమె చెప్పిన ఏ వార్తా చెడుగా ముగియలేదు.

పిల్లలు లేరు. అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మా దగ్గర ఉండేదని ఊళ్ళో అనేవాళ్ళు. నిజానికి మేమే ఆమె దగ్గర ఉన్నాం. పోయిన ఎండాకాలంలో పెరట్లో జారిపడి తుంటి విరిగింది. మంచం పట్టింది. ఆ తర్వాతే తల మొదలైంది.

ముందు దురద. తర్వాత దిండు మీద తెల్లగా పొడి. దువ్వెన పెడితే ఇంకా రాలేది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ "సుండు" అనే అన్నారు. మా వైపు తలలో నుంచి తెల్లగా ఏది రాలినా సుండే. సుండుకు ఊరంతా మందు చెప్తుంది. ఒకరు నిమ్మకాయ రుద్దమన్నారు. రుద్దాం. పుల్లటి పెరుగు పెట్టమన్నారు. పెట్టాం. వేపాకు ఉడికించి ఆ నీళ్ళు పోశాం. మా అంగట్లో దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లలో చుండ్రు అని రాసి ఉన్నవన్నీ అయిపోయాయి. పోసిన ప్రతిసారీ తల ఎర్రబడేది, ఆ మరునాడు ఇంకొంచెం ఎక్కువ రాలేది. రాలిందని మళ్ళీ పోసేవాళ్ళం.

ఆమె మాత్రం నవ్వించడం మానలేదు. ఒక ప్యాకెట్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈ బొమ్మలో పాపకు ఒక్క పొట్టు కూడా లేదు. ఈమెకు ఏమిటికప్పా షాంపూ? నాలాంటిదాన్ని వేయమను, నమ్ముతా" అంది.

"నీ బొమ్మ వేస్తే ఎవరు కొంటారక్కా" అంది నా భార్య.

"కొనరులేమ్మే. భయపడి వాళ్ళ సుండే రాలిపోతాది."

ఆ మాటలంటూనే రెండు చేతులూ పిరుదుల కింద పెట్టుకునేది. గీక్కోకుండా ఉండడానికి.

అనంతపురం తీసుకువెళ్ళాం, కారు వెనక సీట్లో పడుకోబెట్టి. చర్మం డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పాయ తీసి చూసింది, రాలిన పొడిని వేళ్ళ మధ్య నలిపింది. "ఇది చుండ్రు కాదండీ. చుండ్రయితే కొంచెం జిడ్డుగా, పసుపు తిరిగి ఉంటుంది. ఇది బూడిదలా ఉంది చూడండి. తల పొడిబారిపోయింది. మీరు చుండ్రు మందులు వాడేకొద్దీ ఉన్న నూనె కూడా పోతోంది" అంది. వారానికి ఒక్కసారే పోయమంది. నురుగు తక్కువ వచ్చేది, ఘాటు వాసన లేనిది వాడమంది. వేడినీళ్ళు వద్దు, ముందు రోజు కాస్త నూనె పట్టించమంది.

బుక్కరాయసముద్రం చెరువు మా దారిలో రాదు గానీ, తిరిగి వస్తూ వదిన ఆ చెరువులో నీళ్ళున్నాయా అని డ్రైవరును అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎండిపోయింది ఎండిపోయింది అని నేను మొత్తుకోలేదా? ఎండితే ఎండింది అంటారు గానీ సుండు అంటారా? మన చేనుకు సుండు పట్టిందని ఎవరన్నా అంటారా అప్పా?"

డ్రైవరు నవ్వాడు. నేను కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. రోడ్డుకు రెండు పక్కలా దున్ని పెట్టిన చేలు, విత్తనం పడలేదు.

ఆ రోజు అనంతపురంలోనే ఒక సీసా కొన్నాను. మీద ఆకులు, కలబంద మట్ట, అంతా సహజమే అన్న మాట. ఇంటికి వచ్చాక భూతద్దం పెట్టి వెనక ఉన్న సన్న అక్షరాలు చదివాను. నోరు తిరగని పేర్లు చాలా ఉన్నాయి, కలబంద అన్నిటికన్నా చివర ఉంది. వదినకు చూపించాను.

"మన గట్టు మీద మేకలు కూడా ముట్టవు కలబందను. దుడ్లిచ్చి బొమ్మ తెచ్చినావు" అంది. సీసా పక్కన పెట్టి అడిగింది. "గుట్ట మీద చీకిరేణి చెట్లు ఇంకా ఉండాయా?"

చీకిరేణి ఆకు చింతాకు కన్నా సన్నగా ఉంటుంది. వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళంతా దానితోనే తల రుద్దుకునేవాళ్ళట. ఆదివారం అంగడి మూసి గుట్టకు పోయాను. చెట్లున్నాయి. ఎండకు సగం ఆకు రాల్చినా, మిగిలిన ఆకు పచ్చగానే ఉంది. తెచ్చి నీడన ఆరబెట్టాం. నా భార్య దంచి పల్చటి గుడ్డతో జల్లెడ పట్టింది. గంజిలో కలిపితే జారుజారుగా వస్తుంది, నురుగు అంతగా రాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి తల ఉంటే ఇది వాడి చూడమనే చెబుతాను. అయితే ఏ నీళ్ళతో పోస్తారన్నది కూడా చూసుకోండి. మాకు అక్కడే తెలియలేదు. మొదటిసారి బోరు నీళ్ళతోనే పోశాం. మా బోరు నీళ్ళు ఉప్పు. బిందె అడుగున తెల్లటి పెచ్చు కడతాయి. తల ఆరేసరికి మళ్ళీ బిర్రుగా పట్టేసింది.

"ఆకు మంచిదేమ్మే" అంది వదిన. "నీళ్ళే మనల్ని ఓర్వలేకుండా ఉండాయి."

నా భార్య తాగడానికి తెప్పించే క్యాను నీళ్ళు పోద్దామంది. వదిన ఒప్పుకోలేదు. "తాగే నీళ్ళు తల మీద కుమ్మరించుకునే దానికి నేనేమన్నా దొరసానినా? ఎవరన్నా ఇంటే నవ్వుతారు" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆమె చిన్నతనమంతా ఊరి బయట బావిలో ఊట కోసం కూర్చుని చెంబుతో తోడుకున్న మనిషి. ఆ బావి ఇప్పుడు లేదు. నీళ్ళు చాలవన్న భయం మాత్రం పోలేదు.

తలకు పోసే శుక్రవారం వచ్చింది. నా భార్య అడగలేదు. మంచం వారకు వదిన తల జరిపి, మెడ కింద మడత పెట్టిన గోతం వేసి, కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టింది. క్యాను వంటింట్లోనే వంచి బిందెలో పోసింది. నేను చెంబుతో పోశాను. నా భార్య రుద్దింది. వదిన కళ్ళు మూసుకుని ఉంది. రెండో చెంబు పోసేసరికి కళ్ళు తెరిచింది.

"ఏమ్మే, ఇవేం నీళ్ళు, ఇంత మెత్తగా ఉండాయి?"

నా భార్య చేతులు ఆగాయి. నా వైపు చూసింది. నేను చెంబు మళ్ళీ బిందెలో ముంచాను. అప్పటికప్పుడు కల్పించే నోరు కాదు నాది.

"వాన నీళ్ళక్కా" అంది. "బెళుగుప్పలో పడిందంట. మా తమ్ముడు డబ్బాకు పట్టి బస్సులో పంపించినాడు."

"బెళుగుప్పలో వాన పడిందా?"

"పడిందంటక్కా."

"బాగా పడిందా?"

"బాగానే పడిందంట."

"అయితే సెనక్కాయ ఇత్తుకుంటారులే పాపం" అని వదిన మళ్ళీ కళ్ళు మూసుకుంది. "పోయప్పా, ఇంకొక చెంబు పోయి."

ఆ మధ్యాహ్నం నిద్రపోయింది. చేతులు పిరుదుల కింద పెట్టుకోలేదు, పొట్ట మీద ఉన్నాయి. మేం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. నా భార్య తలుపు దగ్గర కూర్చుని చాలాసేపు ఆమెనే చూసింది. లేచాక వదిన మొదటి మాట తల గురించి కాదు. "మీ తమ్మునికి ఇత్తనం కాయలు ఉండాయో లేవో అడిగినావా?" అంది. ఆ వారమంతా వచ్చినవాళ్ళందరికీ ఆ వాన సంగతి చెప్పింది. మా వైపు పడకపోయినా యాడో ఒక తావున పడింది కదా అని ఆమెకు ధైర్యం. పాత పేపరు ముక్కల్లో వార్తలు చెప్పినట్టే చెప్పింది. కాలవలు పారినాయంట, గొర్రెలు తడిసినాయంట అని రోజుకొకటి చేర్చింది.

మేం మళ్ళీ శుక్రవారం కోసం ఇంకొక క్యాను తెప్పించి పెట్టాం. డబ్బాలో కొంచెం మిగిలిందని చెబుదామనుకున్నాం.

గురువారం బెళుగుప్ప నుంచి నా బావమరిది వచ్చాడు. వదిన మంచంలో ఉందని విని, చూసి పోదామని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. నా భార్య వంటింట్లో ఉంది. నేను అంగట్లో ఉన్నాను. లోపలి మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి, లేచి పోయేలోపల అయిపోయింది.

"ఇత్తనం వేసినారా నాయనా?" అంది వదిన.

"యాడిదక్కా. చుక్క పడితే కదా. మబ్బు వస్తాండాది, మా తట్టు ఒకసారి చూసి పోతాండాది. కాయలన్నీ మూటల్లోనే ఉండాయి."

"పడలేదా?"

"పడితే నేనీడ ఎందుకుంటా అక్కా, చేన్లో ఉండనా?"

నేను గుమ్మం దగ్గరికి పోయేసరికి నా భార్య వంటింటి వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో గరిటె. వదిన ఆమెను చూసింది, నన్ను చూసింది. తర్వాత అతని వైపు తిరిగి, "ఎవరో అంటే ఇన్నాలే. వేరే ఊరేమో" అంది. "కాళ్ళు కడుక్కో పో. అన్నం తిని పోదువు."

అతను పోయేదాకా మామూలుగానే మాట్లాడింది. సాయంత్రం నా భార్య తలకు నూనె పట్టించడానికి గిన్నె తీసుకుపోతే చేయి పట్టుకుంది. కోపం లేదు.

"రేపు తలకొద్దులేమ్మే. వాన పడనీ."

"అక్కా, నేను..."

"గమ్మునుండు. మెత్తటి నీళ్ళే అవి. మళ్ళా పడినప్పుడు పోద్దువులే."

అంతే. ఆ తర్వాత తల మాట ఎత్తలేదు. నూనె పట్టించుకుంది గానీ నీళ్ళు పోయనివ్వలేదు. ఎవరికీ వాన సంగతి చెప్పలేదు. చేతులు మళ్ళీ పిరుదుల కిందికి పోయాయి. నేను రోజూ అంగడి ముందు నిలబడి పడమటి వైపు చూసేవాణ్ణి. చేను లేని నేను వాన కోసం అంత ఎదురుచూడడం అంతకు ముందు ఎరగను. మబ్బు వచ్చేది, పోయేది. లోపలి నుంచి ఆమె కూడా కిటికీలో వెలుతురు తగ్గిందా లేదా అని చూసేదని నా భార్య చెప్పింది. రెండు శుక్రవారాలు ఊరికే పోయాయి. మూడోది రాకముందే ఆమె పోయింది.

చివరి స్నానానికి ఆడవాళ్ళు పెరట్లో తడిక కట్టారు. నా భార్య వంటింట్లో నుంచి క్యాను ఎత్తుకుని వచ్చింది. మా పెద్దత్త ఆపింది. "ఏమ్మే, ఇవి తాగే నీళ్ళు కదా. ఇంటికి ఎంతమంది వస్తాండారు, వాళ్ళకేం పోస్తావు?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. వదిన బతికి ఉంటే అదే అనేది. నా భార్య క్యాను దించేసింది. డ్రమ్ములోని బోరు నీళ్ళే పోశారు. మట్టికి పోయి ఆమెను పూడ్చి వచ్చినవాళ్ళు, ఎండన పడి వచ్చారేమో, ఒక్కొక్కరూ రెండేసి గ్లాసులు తాగారు. క్యాను ఖాళీ అయింది.

ఆమె కింద వేసిన నల్ల గొంగడిని పారేయమన్నారు. నా భార్య పారేయలేదు. ఈ రోజు దాన్ని పెరటి గోడ మీద ఎండకు వేసింది. నేను ఇక్కడ కూర్చుంటే కనబడుతోంది. తల ఉన్న వైపంతా సన్నటి తెల్లటి పొడి, ముగ్గు చల్లి చెరిపినట్టు. ఇంత గాలికి కూడా రాలడం లేదు. ఇప్పుడే నా భార్య కర్ర పట్టుకుని గోడ దగ్గరికి పోయింది. దులపకుండా నిలబడి నన్ను పిలుస్తోంది. కలం ఇక్కడ పెట్టి లేస్తున్నాను.