మా నాయిన దులిపిన కంప్యూటర్

మొన్న ఇంట్లో కంప్యూటర్ మరీ నత్తనడక నడుస్తోందని డబ్బా పక్కమూత విప్పితే, ఫ్యానుకు అట్టకట్టిన దుమ్ములోంచి వెచ్చగా, కాస్త మాడినట్టు ఒక వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మా నాయిన మీద కోపం వస్తుంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు, తగ్గించుకోవాలని నేనూ అనుకోలేదు.

అప్పుడు మేం రాయదుర్గంలో ఉండేవాళ్లం. నాయిన ఒక ఆఫీసులో ఎలక్ట్రీషియన్. వాళ్లు పాతదని మూలన పడేసిన కంప్యూటర్‌ని అడిగి ఇంటికి తెచ్చాడు. దాని బటన్ నొక్కి, స్నానం చేసి, రెండు జడలు వేయించుకుని వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. అయినా బడి నుంచి రాగానే దాని ముందే కూర్చుని మా ఇంటి వెనక గుట్ట బొమ్మలు గీసేదాన్ని. ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతాయన్నట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండలు, మేం జారి జారి గౌన్లు చింపుకున్న రాయి, వానలు వెనకబట్టగానే సందుల్లో తెల్లగా పూసే గునుగుపూలు, బతుకమ్మ కోసం వాటిని కోయడానికి కుచ్చెళ్లు దోపుకుని ఎక్కే మా నాయనమ్మ. మౌసుతో గీత వంకర పోయేది. చెరిపి మళ్లీ గీసేదాన్ని. అలా రెండేళ్లు గీశాను.

ఆ యేడు దసరా పొద్దున, ఇల్లంతా గారెల నూనె వాసన గుప్పుమంటుంటే, నాయిన ఆయుధపూజకని తన స్క్రూడ్రైవర్లు, టెస్టర్, స్కూటర్ తుడిచి తుడిచి చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దాని మూత విప్పగానే ఆ మాడిన దుమ్ము వాసన కొట్టింది. నేను పరుగున వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

"నా బొమ్మలు వోవు గద నాయినా?"

"నీకెందుకే ఫికరు? ఒట్టి దుమ్ము దులుపుతున్న. నువ్వు వోయి పూలు తే బిడ్డా."

నమ్మాను. బంతిపూలు పట్టుకొచ్చేసరికి కంప్యూటర్ టక్కున తెరుచుకుంటోంది. అబ్బో, మా నాయినంతటి వాడు లేడని మురిసిపోయి, నా చేత్తోనే దానికి కుంకుమబొట్టు పెట్టి దండం పెట్టుకున్నాను. సాయంత్రం సత్తుముద్ద తింటూ చూస్తే ఒక్క బొమ్మ లేదు. గుక్కపట్టి ఏడ్చాను. జమ్మి ఆకు పంచడానికి బయల్దేరుతూ ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు.

"అవే జాగ తింటున్నయని తీసేసిన. ముందే చెప్తే నువ్వు తియ్యనిస్తవా? రాళ్లే గదనే! ఎనకకు వోతే గుట్టంత ఉన్నది, మళ్ల గీస్కో."

అంటే తీయనివ్వనని తెలిసే నన్ను పూలకు పంపాడన్నమాట! పోయిన బొమ్మల కంటే ఆ మాటకే నా కడుపు మండింది. పంతం పట్టి మళ్లీ ఒక్క గీత గీయలేదు. ఆ తర్వాత ఆఫీసులు కట్టడానికని ఈలలు వేసి, మనుషుల్ని దూరం జరిపి, గుట్ట బండలు పేల్చడం మొదలుపెట్టారు. మా ఇంట్లో కెమెరా లేదు. గుట్ట పోయింది, గునుగు పోయింది, అక్కడ అద్దాల ఆఫీసులు లేచాయి.

పోయిన ఆదివారం నాయినా నేనూ రాయదుర్గం మెట్రో దిగాం. మెట్ల మీద ఆగి అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"మన గుట్ట ఏ దిక్కుకుండె బిడ్డా? జర్రంత గూడ యాదికొస్తలేదు. నువ్వు బొమ్మలు గీస్తుంటివి గద, గవి ఉన్నయా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. తీసేసింది తనేనని ఆయనకు గుర్తే లేదు.