రెండో తలుపు లేని బోను

పులి బోనుకు ఉండాల్సిన తలుపొకటి ఎగరగొట్టి ఆర్డర్ కొట్టినవాణ్ణి దోహాలో నేనొక్కణ్ణే. ఎవరైనా పోటీకి వస్తే రమ్మనండి. అది 2007. చమురు ధర ఎక్కుతూనే ఉంది, ఊరంతా క్రేన్లే. ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో, అంటే ఇనుప గేట్లూ గ్రిల్సూ చేసే చోట, నేను సేల్స్‌మన్‌ని. నిజామాబాద్‌లో కిరాణా కొట్టు వెనక పుట్టినవాణ్ణి. నడక కంటే ముందే బేరం వచ్చింది.

దోహా శివారులో ముఐథర్ దాటాక ఒక తోట. దాని యజమానికి ఎవరో ఒక ప్యూమాను తెచ్చిచ్చారు. అమెరికా కొండల్లో తిరిగే జంతువు. ఆడసింహంలా ఉంటుంది గాని గర్జించదు, ఇంట్లో పిల్లిలా గురగురలాడుతుంది. దానికి బోను కావాలి. జంతువుల డాక్టరు గీసిచ్చిన డ్రాయింగులో డబుల్ డోర్ ఉంది. మనిషి మొదటి తలుపు తీసి లోపలికి వెళ్లి, దాన్ని మూశాకే రెండోది తీయాలి. మధ్యలో మనిషి నిలబడేంత చిన్న గది. జంతువు ఒక తలుపు దాటినా ఇంకొకటి ఆపుతుంది.

తోట మేనేజరు సత్తార్ భాయ్ మన హైదరాబాద్ మనిషే. నా కొటేషన్ చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏం భాయ్, బోను చేస్తున్నవా, బంగ్లా కడుతున్నవా? ఇంకొకడు నీకన్న తక్కువకు ఇస్తనంటుండు."

"వాడు తడికె ఇస్తడు భాయ్. నేను ఇనుము ఇస్త."

"తగ్గించు. లేకుంటె ఆర్డర్ మాఫీ, లేనే లేదు."

కమ్మీలు సన్నం చేస్తే కంటికి కనిపిస్తుంది. తలుపు తీసేస్తే కాగితం మీద నాలుగు గీతలు పోతాయి, అంతే. ఆ గదినీ రెండో తలుపునూ కొట్టేశాను. పదకొండు వందల రియాళ్లు తగ్గింది. సత్తార్ భాయ్ సంతకం పెట్టాడు. అల్ మన్సూరాలో మా రూమువాళ్లందరికీ ఆ పూట బిర్యానీ తినిపించాను.

బోను బిగిస్తుంటే, ప్యూమాను చూసుకునే రాజన్న వచ్చాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. రోడ్డు పనికని వస్తే, మేకలు కాసినవాడని తెలిసి ఇటు పంపారు.

"అన్నా, డాక్టర్ సాబ్ రెండు తలుపులన్నడు గద. రెండోది ఏది?"

"ఒక్క పిల్లికి రెండు తలుపులెందుకు తమ్మీ? మా దుకాణానికే ఒక్కటి."

నవ్వాడు. "ఇంటికాడ గూడ పిల్లినే సాదుతున్ననని చెప్పిన. దుబాయ్ల పిల్లిని చూసుకుంటె గూడ జీతమిస్తరా అని మా ఆమె ఒకటే నవ్వుడు." మా వైపు గల్ఫంతా దుబాయే. తర్వాత తలుపు గొళ్లెం ఊపి చూస్తూ, "మేకల దొడ్డికి గూడ మేం అడ్డం కట్టె పెడ్తమన్నా" అన్నాడు. నేను టేపు చుట్టుకుంటూ విననట్టే ఉన్నాను.

రెండు నెలలకు, ఒక శుక్రవారం మధ్యాహ్నం సత్తార్ భాయ్ ఫోను. "వెల్డర్‌ను తీస్కొని యల్లా, జల్ది రా. జానవర్ బయటికొచ్చింది."

మాంసం బకెట్టుతో తలుపు తీయగానే ప్యూమా రాజన్న పక్కనుంచి దూసుకొచ్చిందట. మెడపట్టీ పట్టుకుని ఆపబోతే బెదిరి కొరికింది. మేం వెళ్లేసరికి ప్రహరీ మూల నక్కి ఉంది. గోడ అవతలి విల్లాలో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు. రాజన్న కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని, ఆస్పత్రికి పోనంటే పోనని అక్కడే కూర్చున్నాడు. తువ్వాలు ఎర్రగా తడిసింది. ఎడమచేత్తో మాంసం ముక్క చూపుతూ, "రా బిడ్డా, రా. ఎవ్వలు ఏమనరు" అంటున్నాడు. అది పొట్ట నేలకానించి రెండడుగులు వేసింది.

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. యజమాని బంధువొకాయన తుపాకీతో దిగాడు.

"మత్ మారో సాబ్, ఆ రహీ హై!" కాల్చొద్దు, అదే వస్తోందంటూ రాజన్న లేచి చేతులు అడ్డం పెట్టాడు. ఇద్దరు అతన్ని పక్కకు లాగారు. ఒక్కటే దెబ్బ. ప్యూమా ఉన్నచోటే ఒరిగిపోయింది. గోడ అవతల ఆట ఆగిపోయింది.

ఆస్పత్రిలో రాజన్నకు మూడు వేళ్లు తీసేశారు. కట్టుతోనే అతన్నీ, బోను చేసినవాణ్ణని నన్నూ తోట ఆఫీసుకు పిలిపించారు. పనివాడు తలుపు సరిగా వేయలేదని కాగితం ముందే రాసి ఉంది. వేలిముద్ర పెడితే పరిహారం లేనట్టే.

"ఎయ్యనీకె సందు యాడుంది సాబ్. ఒక్కటే తలుపు, నేను తీసిన్నంటె బోనే తెర్సినట్టు గద. అన్నకెరుక. అన్నను అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. సత్తార్ భాయ్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"బోను అప్రూవైన కొటేషన్ ప్రకారమే చేశాం" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

రాజన్న ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచాడు. వారంలో ఇంటికి పంపేశారు. ఎయిర్‌పోర్టులో అతని జేబులో ఐదు వందల రియాళ్లు పెట్టాను. "నువ్వెందుకన్నా" అన్నాడు గాని తీసుకున్నాడు.

ఈ పనిలో నాకు అర్థమైంది ఇంతే. కొనేవాడు బేరమాడతాడు, అమ్మేవాడు తగ్గిస్తాడు; రోజూ ఆ తలుపు తీసేవాణ్ణి మాత్రం బేరానికి ఎవరూ పిలవరు. అప్పటి నుంచి తలుపులూ తాళాలూ తగ్గించమన్న ఆర్డర్లు వదిలేస్తున్నాను. దానివల్ల రాజన్నకు ఒరిగిందేమీ లేదు.

ఇక బిల్లు. ఆ ఆర్డర్ మీద నాకొచ్చిన కమీషన్ నాలుగు వందలు. ఎయిర్‌పోర్టులో ఇచ్చింది ఐదు వందలు. నా చేతినుంచి పడింది వంద రియాళ్లు. మిగతాదంతా రాజన్న కట్టాడు.