వాపు తగ్గిన ఎలుకలు

ఈమధ్య నా మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదని తెలిసి, ఎదురింటావిడ పొద్దున్నే వావిలాకు తెచ్చి, నీళ్లలో మరిగించి కాపడం పెట్టుకోమని చెప్పి వెళ్లింది. ఆ ఆకు ఘాటు ముక్కుకు తగిలేసరికి, విజయనగరంలో నేను పరిశోధన చేసిన రోజులూ, వాటితోపాటు నాన్నా గుర్తొచ్చి, పొయ్యి దగ్గరే కాసేపు నిలబడిపోయాను.

నాన్న బొబ్బిలిలో వీణలు చెక్కేవాడు. పనస దుంగను తొలిచి, లోపలి గోడ ఎంత పలచబడిందో వేళ్లతో తట్టి చెప్పగలిగిన మనిషికి, కీళ్లవాతం వచ్చి ఆ వేళ్లే ఉబ్బి వంకర్లు పోయాయి. ఉలి పట్టలేక ఆయన అరుగు మీద ఊరికే కూర్చోవడం చూడలేకే నేను వావిలాకు సారం మీద పని ఎంచుకున్నాను. ఎలుకల వెనక పాదంలో సూదితో వాపు తెప్పించి, కొన్నిటికి సారం తాగించి, కొన్నిటికి ఒట్టి నీళ్లే పోసి, రోజూ ఆ వాపు కొలవడమే నా పని. సారం తాగినవాటికి తగ్గుముఖం పట్టిందని ఇంట్లో చెప్పాను. సంతోషం దాచుకోగలిగే వయసు కాదది.

ఆ వారంలోనే నాన్న బస్సెక్కి మా ప్రయోగశాలకు వచ్చేశాడు.

"ఎలకకి తగ్గినాదంటన్నావు గదమ్మీ, నాకూ కాస్త ఇయ్యి. ఏటయితే అదవతాది," అన్నాడు.

మనుషులకు ఇవ్వాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు కావాలనీ, ఎంత మోతాదు విషమవుతుందో నాకే తెలియదనీ చెబుతూంటే, ఆయన చూపు పంజరాల వైపు పోయింది. ఒట్టి నీళ్లే తాగించిన ఎలుక ఒకటి, వాచిన పాదాన్ని నేలకు తగలనివ్వకుండా పొట్ట కిందకి ముడుచుకుని ఉంది. దానికెందుకు తగ్గలేదని అడిగాడు. తేడా తెలియాలంటే కొన్నిటికి సారం ఇవ్వకూడదన్నాను.

"మరి తగ్గినవాట్నేటి సేస్తారు?"

లోపలి కీళ్లు కోసి చూడాలి గనుక వాటినీ చంపక తప్పదని చెప్పాను.

"అయితే నాకొద్దులే అమ్మీ," అని, టీ కూడా తాగకుండా బస్టాండుకు నడిచాడు.

మళ్లీ ఎన్నడూ ఆ మందు ఊసెత్తలేదు. నాచేత ఆ పరిశోధన చేయించిన మాష్టారు పదవీ విరమణ చేశాక ఆ పనిని ముందుకు తీసుకువెళ్లేవాళ్లు లేకపోయారు. నాన్న పోయేనాటికి కుడిచెయ్యి పూర్తిగా ముడుచుకుపోయింది. అన్నం అమ్మే కలిపి తినిపించేది.

ఇప్పుడు ఆ జబ్బుకు మంచి మందులొచ్చాయి. మా చెల్లెలి కోడలు వాటితోనే కోలుకుని వాకిట్లో ముగ్గు పెట్టుకుంటోంది. చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆ మందులు కూడా ఎన్ని పంజరాలు దాటి వచ్చాయో నాకు తెలుసు. నాన్న ఈ రోజుల దాకా ఉండి ఉంటే వాటిని వేసుకునేవాడో లేదో మాత్రం, ఆయన కూతురినై ఉండీ చెప్పలేను.