ఫికర్‌పాషా వాన బండి

కరీంనగర్‌లో చాంద్‌పాషాను మించిన మెకానిక్‌లు ఉన్నారేమో గానీ, ఆయనను మించిన పిరికివాడు మాత్రం లేడు. ఈ మాట ఎవరైనా మొహం మీదే అన్నా ఆయనకు కోపం రాదు. అన్న మనిషి నెత్తి మీద ఏం వేలాడుతోందో చూసి, "జర ఇటు జరుగు, ఆ ఫ్యాను పాతది" అంటాడు.

ఊరంతా ఆయనతో అనే మాట ఒకటే: "ఫికర్ చెయ్యకు పాషా భాయ్." ఆయన జవాబూ ఒకటే: "మరెవలు చేస్తరు?" ఫికర్ చేయడమంటే, అంటే దిగులు పడటమంటే, ఆయన దృష్టిలో ఇంజన్ ఆయిల్ మార్చడంలాంటి పని. ఎవరో ఒకరు చేయకపోతే ఎక్కడో ఏదో పట్టేసుకుంటుంది. అలా చాంద్‌పాషా కాస్తా ఫికర్‌పాషా అయ్యాడు.

పెద్దపల్లి బస్సు ఎక్కాలంటే ముందు దాని చుట్టూ తిరిగి టైర్లన్నీ చేత్తో తడిమి చూస్తాడు. కండక్టర్ విజిల్ వేసి వేసి విసిగిపోతాడు.

"ఎక్కుతవా, లేదా?"

"ఎన్క టైరుల గాలి జర తక్కువున్నది."

"నీకేమన్న డిపో రాసిచ్చిన్రా? ఎక్కు, ఫికర్ చెయ్యకు."

"మరెవలు చేస్తరు?"

బస్సు వెళ్లిపోయేది, ఈయన ఇంటికి తిరిగి వచ్చి "బతికిపోయిన" అని మంచినీళ్లు తాగేవాడు. బస్సు క్షేమంగా పెద్దపల్లి వెళ్లి సాయంత్రానికి తిరిగి కూడా వచ్చిందని ఎవరైనా చెబితే, "అంతా అల్లా దయ" అని గుండెల మీద చెయ్యి వేసుకునేవాడు.

ఆయన నిఖా సంగతి భార్య ఖుద్సియా చెబితేనే వినాలి. షెడ్డుకు టీ తెచ్చినప్పుడల్లా ఆమె ఆ కథ ఎత్తుకుంటుంది.

"నేను పర్దా ఎన్క కూసున్న. ఖాజీ సాబ్ కబూల్ హై అని అడిగితే, ఈయన పైకి చూస్కుంట, గా షామియానా కొయ్య జర వంగింది అన్నడు. ఖాజీ సాబ్ మల్ల అడిగిండు. ఈయన లేషి తాడు ఎతుకపోయిండు. పిల్లగాడు పారిపోయిండని మా అబ్బా నెత్తి పట్టుకున్నడు."

"మరి షామియానా కూలిందా చాచీ?" అని షెడ్డుకు రోజూ వచ్చే కుర్రాడు భానుప్రసాద్ అడుగుతాడు, ఎన్నోసారో గుర్తులేకుండా.

"యాడ కూలింది? కట్టొచ్చిండు గద" అంటుంది ఖుద్సియా.

ఇలాంటి మనిషి చేతిలో రేసు కారు తయారవుతోందంటే నమ్మేవాళ్లు తక్కువ. కారు భానుప్రసాద్‌ది. గ్రానైట్ లారీలకు పర్మిట్లు తెప్పించే ఉద్యోగం చేసుకుంటూ, పెద్దపల్లిలో ట్యాక్సీగా తిరిగి తిరిగి మూలపడ్డ మారుతిని కొని పాషా షెడ్డుకు తోసుకొచ్చాడు. దాన్ని పాషా పరుగెత్తే గుర్రంలా మార్చాడు. మార్చాడు గానీ, కదిలే కారులో తను మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. భాను నడుపుతుంటే గేటు దగ్గర చెవి రిక్కించి నిలబడి, చప్పుడును బట్టి లోపం చెప్పేవాడు.

ఇద్దరికీ ఒక్క విషయంలోనే గొడవ. బరువు తగ్గించడానికి పక్క సీటు తీసేయాలని భాను, తీయనని పాషా.

"రేసు కారుకు పక్క సీటెందుకు చాచా?"

"నీకు ఏమన్నయితే నిన్ను వట్టుకొని నీ ఎంబడి దవాఖానకు వచ్చెటోడు యాడ కూసుంటడు?"

"అప్పుడు బండి నడిపెటోడు ఎవలు?"

పాషా సీటును చేత్తో ఒకసారి అదిమి చూశాడు. "గా ఫికర్ నువ్వు చెయ్యకు" అన్నాడు. సీటు ఉండిపోయింది.

ఊరికి దూరంగా, రాయి తీసి వదిలేసిన ఒక క్వారీ పక్కన కరుణాకర్ అనే గ్రానైట్ వ్యాపారి ఒక రేసు ట్రాక్ వేయించాడు. అందులో క్వారీ మూల అనే మలుపు ఉంది. మలుపుకి అవతల ట్రాక్ అంచు, అంచు కింద నీళ్లు నిండిన గుంత. ఆ గుంత లోతు ఎంతో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

భానుకి మాత్రం కొంచెం తెలుసు. పోయిన ఏడాది సన్నటి జల్లులో ఒంటరిగా సాధన చేస్తుండగా కారు ఆ మలుపులో గిరగిరా తిరిగి, వెనక చక్రం అంచు మీదికి వెళ్లి ఆగింది. అద్దంలోంచి చూస్తే వెనక నేల లేదు, నల్లటి నీళ్లే ఉన్నాయి. ఊపిరి బిగబట్టి, క్లచ్ అంగుళం అంగుళం వదులుతూ బయటపడ్డాడు. ఎవరూ చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. పాషాకు చెబితే కారుకు తాళం వేసి తాళంచెవి బావిలో పడేస్తాడని అసలే చెప్పలేదు.

ఆ రోజు నుంచి వాన అంటే భానుకి అరచేతులు చల్లబడతాయి. ఆఫీసు రేకుల మీద చినుకులు పడితే చాలు, కిటికీ దగ్గర్నుంచి లేచి లోపలికి వెళ్లి కూర్చుంటాడు. ఇప్పుడేమో ఆగస్టు పోటీ ముంచుకొచ్చింది. మొదటి ముగ్గురిలో వస్తే చెన్నైలో ఒక రేసు జట్టు పిలిచి పరీక్షిస్తుంది. చిన్నప్పటి నుంచి అతను కోరుకున్నది అదొక్కటే. రాకపోతే పర్మిట్లూ లారీలూ ఎలాగూ ఉన్నాయి. నెలంతా చుక్క వాన లేదు. భాను ఆకాశానికి మనసులోనే దండం పెట్టుకుంటూ తిరిగాడు.

పోటీ వారంలో మానేరు మీదుగా మబ్బు లేచింది. దాన్ని చూడగానే పాషా షెడ్డు తలుపు సగం మూశాడు.

"వాన పడితే?"

"పడితే వాన టైర్లు వేద్దాం చాచా" అన్నాడు భాను. గొంతు మామూలుగానే వచ్చింది, చల్లబడ్డ అరచేతులను జేబుల్లో దాచుకున్నాడు.

లోతైన గాడులున్న టైర్లు వచ్చాయి. పాషా ప్రతి గాడిలోనూ వేలు పెట్టి చూశాడు. "నీళ్లు గీడికెల్లి పోకపోతే బండి నీళ్ల మీద తేలుతది. తేలిన బండికి బ్రేకులుంటే ఎంత, లేకుంటే ఎంత?" అన్నాడు. ఆ ముక్క భానుకి గుంతలోని నల్లటి నీళ్లను గుర్తు చేసింది, కానీ ధైర్యం చెప్పాల్సింది తనే అయింది.

"తేలది చాచా. ఇంత లోతున్నయ్ గాడులు."

"తేలదా?"

"తేలది."

"సరె, నువ్వు జెప్తున్నవ్ గాబట్టి."

తర్వాత బండి కింద దూరి, మలుపుల్లో ఒరగకుండా ముందు చక్రాలను బిగించి పట్టుకునే కడ్డీని విప్పేశాడు. ఎండలో బండి గట్టిగా ఉండాలి, తడిలో మెత్తగా ఒరగాలి, అప్పుడే టైరు నేలను పట్టుకుంటుందని ఆయన లెక్క. ప్లగ్గు వైర్ల మీద గ్రీజు పూసి, సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాడు. అంతా అయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు.

"అద్దం మీద నీళ్లు నిలుస్తే?"

"ఆలుగడ్డ రుద్దుదాం."

"లోపలికెల్లి ఆవిరి వడితే?"

"షాంపూ పూద్దాం."

"బండిలకు నీళ్లొస్తే?"

"కిందికెల్లి చిల్లులు కొట్టు, పోతయ్."

"చిల్లులకెల్లి ఇంకిన్ని నీళ్లొస్తే?"

"చాచా, ఫికర్ చెయ్యకు."

"మరెవలు చేస్తరు?"

భానుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాత్రి మంచం మీద తనకు తాను వేసుకుంటున్న ప్రశ్నలనే ఈయన పొద్దున షెడ్డులో గట్టిగా అడుగుతున్నాడు. ఆయనకు చెప్పుకుంటూ పోతున్న జవాబులు ఒక్కొక్కటే తనకూ వినబడుతున్నాయి. బూట్లు తడిసి పెడల్ మీద జారితే ఎలా అన్న దగ్గర ఇద్దరికీ జవాబు దొరకలేదు. ఖుద్సియా టీ గ్లాసులు తీసుకుంటూ, "పాల కవర్లు తొడుగుండ్రి. బండిల కూసున్నంక ఇడువుండ్రి" అని వెళ్లిపోయింది.

అన్నీ అయ్యాయనుకున్నాక పాషా రెంచి తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"క్వారీ మూలకాడ జారితే?"

భాను చేతిలోంచి స్పానర్ జారి పాదం మీద పడింది.

"ఎందుకు జారుతది?"

"ఊకెనే అడిగిన" అన్నాడు పాషా. రెంచిని డబ్బాలో పెట్టి మూత వేశాడు.

పోటీ పొద్దున తెల్లారేసరికే వాన దంచుతోంది. ఖుద్సియా ఆకుపచ్చ గుడ్డలో బిళ్ల కుట్టి పంపిన ఇమామ్ జామిన్‌ను పాషా భాను భుజానికి కట్టాడు. ప్రయాణం పోయేవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని కట్టేది అది. తర్వాత జేబులోంచి నిమ్మకాయలు తీసి నాలుగు టైర్ల కింద పెట్టాడు.

"ఇది మీ అవ్వ పెట్టాలె. ఆమె ఈడ లేదు గద, గందుకే నేను పెడ్తున్న."

"రెండు దిక్కులా మొక్కుతున్నవా చాచా?"

"ఒక దిక్కుల లైన్ కలవకపోతే?"

భానుకి పాల కవర్ల బూట్లు తొడిగి, కారులో కూర్చోబెట్టి, కవర్లు విప్పి, బెల్టు లాగి చూసి, మళ్లీ లాగి చూసి, "పైలం" అని జాగ్రత్త చెప్పి పాషా మాయమైపోయాడు. అందులో వింత లేదు. పోటీ మొదలైతే ఆయన టీ కొట్టు వెనక చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటాడని అందరికీ తెలుసు.

జెండా ఊగింది. మొదటి చుట్టులో ముందు కార్లు చిమ్మిన నీళ్లలో భానుకి దారే కనబడలేదు. క్వారీ మూల దగ్గరపడే కొద్దీ అరచేతులు మంచుముద్దలయ్యాయి. గుంత కనిపించింది. చూడకూడదనుకున్నాడు, చూశాడు. కళ్లు అటు పోగానే కారు ముక్కూ అటే తిరగసాగింది. భయంతో యాక్సిలరేటర్ మీంచి కాలు మొత్తం తీసేశాడు. కారు తడబడి, ఊగి, ఎలాగో మలుపు దాటింది. ఈలోగా వెనక వాళ్లు వరసగా దాటిపోయారు. ఈ చుట్టు అయ్యాక బండి పక్కకు ఆపేసి దిగిపోదామని నిశ్చయించుకున్నాడు. ఇంజన్‌లోకి నీళ్లొచ్చాయని చెబితే ఎవరు కాదంటారు? పాషా ఒక్కడే కాదంటాడు.

ఆపే చోటు దాటిపోయాక గానీ కాలు బ్రేకు మీదికి రాలేదు. చేసేది లేక రెండో చుట్టులోకి వెళ్లాడు. మళ్లీ క్వారీ మూల వచ్చింది. ఈసారి మలుపు తిరిగాక ట్రాక్ పోయే దిక్కున, టైర్ల గోడ వెనకాల ఒక ఆకారం కనబడింది. నడుముకి గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు. ట్యూబుకి తాడు. తాడు రెండో కొస ఒక గ్రానైట్ బండకు కట్టి ఉంది. నెత్తి మీద ఖుద్సియా గులాబీపూల గొడుగు. పక్కనే కరుణాకర్ ఆ మనిషి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆ మనిషి కదలడం లేదు. హెల్మెట్‌లోంచి వినబడకపోయినా వాళ్లేం మాట్లాడుకుంటున్నారో భానుకి అక్షరాలా తెలుసు.

భాను పకపకా నవ్వాడు. నవ్వుతూ ట్యూబు వంకే చూస్తున్నాడు. చూస్తుండగానే కారు మెత్తగా ఒరిగి, గాడుల్లోంచి నీళ్లు చిమ్ముతూ, మలుపు తిరిగిపోయింది. గుంత ఎటు పోయిందో అతను చూడనే లేదు.

ఇక ప్రతి చుట్టులోనూ అంతే. భయం పోలేదు గానీ, కొత్తగా భయపడటానికి ఏమీ మిగల్లేదు. అద్దం, ఆవిరి, బూట్లు, అన్నిటి గురించీ వారమంతా ఒక మనిషి ముందే భయపడి పెట్టాడు. క్వారీ మూల రాగానే గులాబీపూల గొడుగు కోసం వెతుక్కోవడం, అటు చూస్తూ తిరిగిపోవడం. ఒక్కొక్కరినీ దాటుతూ మూడోవాడిగా వచ్చాడు.

కప్పు ఇచ్చే చోటికి వెళ్లకుండా తిన్నగా క్వారీ మూలకు కారు పోనిచ్చాడు. పాషా అక్కడే, అలాగే ఉన్నాడు.

"నీకు ఈత వచ్చా చాచా?"

"రాదు. గందుకే ట్యూబు."

"మరి తాడెందుకు?"

"ట్యూబు పలిగితే?"

"బండకు కట్టినవ్ గద. బండ జారి గుంతల పడితే?"

పాషా మొహం పాలిపోయింది. బండ వంక చూశాడు, గుంత వంక చూశాడు. "గది యాదికి రాలే" అన్నాడు నెమ్మదిగా, రెండడుగులు వెనక్కి వేస్తూ.

"ఈడ ఎందుకు నిలవడ్డవ్? నేను జారుతనని నీకెవలు చెప్పిన్రు?"

"పోయినేడు నీ ఎన్క చక్రంల తెల్ల బురదుండె. గా బురద గీ అంచు మీద తప్ప యాడ లేదు. కడిగేసిన."

భాను వంగి వెనక చక్రం వంక చూశాడు. ఏడాదిగా ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువుకి అవతలి కొస ఈయన పట్టుకునే ఉన్నాడు.

"నాకు చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు ఫికర్ చేస్తుంటివి. ఫికర్ చేసే చెయ్యి వణుకుతది బేటా. వణికే చెయ్యితోని స్పానర్ వట్టొచ్చు, స్టీరింగ్ వట్టరాదు. గందుకే నీది గూడ నేనే చేసిన." పాషా గొడుగు దులిపాడు. "కన్ను యాడికి పోతే బండి ఆడికే పోతది. గుంతను చూడకుంట నన్ను చూస్తవని, గింత పెద్ద ట్యూబు ఏసుకున్న. చిన్నది గూడ ఉండె."

భానుకి కళ్లు తడిశాయి. వాన కాబట్టి సరిపోయింది. పాషా పళ్లు టకటక కొట్టుకోవడం చూసి, కారు పక్క తలుపు తెరిచాడు.

"కూసో చాచా, ఇంటికి పోదాం."

పాషా ఆ సీటు వంక చూశాడు. తను పట్టుబట్టి ఉంచిన సీటే.

"ఏమన్నయితే?"

"ఫికర్ చెయ్యకు."

"మరెవలు..."

"ఇయ్యాల నేను చేస్త."

పాషా అతన్ని ఎగాదిగా చూశాడు. "నీకు చేసుడు వచ్చా?" అన్నాడు అనుమానంగా.

భాను వానలోనే కారు చుట్టూ తిరిగి, వంగి, నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూశాడు. తిరిగొచ్చి, మొహం గంభీరంగా పెట్టి చెప్పాడు.

"ఎన్క టైరుల గాలి జర తక్కువున్నది. మెల్లగ పోత."

పాషా మొహం విప్పారింది. "ఆఁ, గట్ల" అని బండకు కట్టిన తాడు విప్పి, ట్యూబుతో సహా అవస్థపడి సీట్లో ఇరుక్కున్నాడు. కారు కదలగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కరీంనగర్ పొలిమేర చేరేసరికి ఆయన గురక వినబడింది. కదిలే బండిలో చాంద్‌పాషా నిద్రపోవడం అదే మొదలు. ట్యూబు మాత్రం విప్పలేదు.